నాన్నకి పొట్ట మీద సంచి పెడతారట, ఇంట్లో ఎలా చూసుకోవాలి? ఎనిమిదేళ్ళుగా సంచితో ఉన్నవాడి జవాబు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 58 ఏళ్ళు, సూర్యాపేట దగ్గర వ్యవసాయం. మలద్వారానికి బాగా దగ్గర్లో క్యాన్సర్, మూడో స్టేజి. 28 రోజుల రేడియేషన్ అయిపోయింది, ఇంకో నెలలో ఆపరేషన్. మలద్వారం తీసేసి పొట్ట మీద సంచి పెడతారు, అది శాశ్వతం అన్నారు. ఆయనేమో "సంచి మోసుకుంటూ బతికే కంటే పోవడమే నయం" అంటున్నారు. అమ్మ నోరు విప్పడం లేదు. చుట్టాలు మాత్రం క్యాన్సర్ అని చెప్పొద్దు, గడ్డ అని చెప్తే చాలు అంటున్నారు. మియాపూర్‌లో మీ దగ్గరే ఉంచుకున్నారు, ఎట్లా చూసుకోవాలో తెలియడం లేదని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. అంబర్‌పేటలో టైలర్ని. 2017లో నాకు అచ్చం ఇదే ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి సంచితోనే ఉన్నాను, మిషను తొక్కుతూనే ఉన్నాను. వీలైనప్పుడు వార్డుకి వెళ్ళి కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళ పక్కన కాసేపు కూర్చుని వస్తుంటాను. మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఇంట్లో సంగతి నాకు తెలిసినంత చెప్తాను.

చుట్టాల సలహాతోనే మొదలుపెడతాను. 28 సార్లు రేడియేషన్‌కి తీసుకెళ్ళారు కదమ్మా ఆయన్ని. ఆ హాల్లో గోడల నిండా బోర్డులే. చదవలేదనుకున్నా, పక్క కుర్చీలో ఆయన "మీకెక్కడొచ్చింది?" అని అడిగే ఉంటాడు. అక్కడ పరిచయాలు అట్లాగే మొదలవుతాయి, ఏ ఊరు అనేది తరువాత అడుగుతారు. నా విషయంలో మావాడు "కడుపులో గడ్డ నాన్నా, తీసేస్తే అయిపోతుంది" అన్నాడు. మూడో రోజే గేటు దగ్గర సెక్యూరిటీ అతను "క్యాన్సర్ ఓపీ అటు" అని చెయ్యి చూపించాడు. నాకు తెలిసిందని వాడికి తెలియకూడదని నేను, నాకు తెలియకూడదని వాడు, నెల రోజులు ఇద్దరం నాటకం ఆడాం.

ఆ నెల రోజులూ నా గ్లాసు నేనే కడుక్కుని విడిగా బోర్లించుకున్నాను. మనవరాలికి అప్పుడు రెండేళ్ళు, దాన్ని ఎత్తుకోలేదు. అంటుకుంటుందేమోనని భయం. ఎవర్ని అడగాలి? జబ్బే లేదంటున్నారు, లేని జబ్బు అంటుకుంటుందా అని ఎట్లా అడుగుతాను? చివరికి రేడియేషన్ ఇచ్చే టెక్నీషియన్‌ని అడిగితే నవ్వాడు. "ఇది అంటురోగం కాదు పెద్దాయనా, మేం బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ కూడా మీ ఒంట్లో మిగలదు. పాపని ఎత్తుకోండి" అన్నాడు. మీ నాన్నగారి దగ్గర కూడా ఇట్లాంటి ప్రశ్నలు నాలుగైనా ఉంటాయి. చెప్పకపోతే అవి బయటికి రావు.

మీకు నోరు రాకపోతే డాక్టర్ గారితో "సార్, నాతో కాదు, మా నాన్నతోనే చెప్పండి" అనండి. ఆయన ఎదురు కుర్చీలో, మీరు పక్క స్టూలు మీద. ఆ రోజు నుంచి హాస్పిటల్ ఫైలు ఆయన చేతికే ఇవ్వండి. చిన్న విషయంలా ఉంటుంది కానీ, మా ఇంట్లో ఆ ఫైలు మావాడి చంకలో ఉన్నన్ని రోజులు నేను వాడి వెనక నడిచే సామాను మూటలా ఉన్నాను.

ఇప్పుడు ఆపరేషన్‌కి ముందు జరగాల్సిన ఒక పని. సంచి ఎక్కడ రావాలో పొట్ట మీద ముందే పెన్నుతో గుర్తు పెడతారు. సర్జన్ కానీ, స్టోమా నర్సు కానీ పెడతారు. స్టోమా అంటే పేగు చివరని పొట్ట మీద బయటికి తెచ్చి పెట్టే నోరు, సంచి దాని మీదే అతికిస్తారు. పెట్టకపోతే మీరే అడగండి. ఇది నా వృత్తికి దగ్గరి విషయం కనుక కాస్త ఎక్కువ చెప్తాను. నిలబెట్టి కొలత తీసి కుట్టిన ప్యాంటు, కూర్చుంటే పట్టేస్తుంది. పొట్ట ఉన్నవాళ్ళకి మరీను. ఈ గుర్తు కూడా అంతే. పడుకోబెట్టి పెడితే చాలదు. నిలబడమనాలి, కూర్చోమనాలి, వంగమనాలి. చర్మం ముడత పడే చోట, బొడ్డు పక్కన, పాత కుట్ల మీద, ఎముక దగ్గర వస్తే సంచి అతుక్కోదు, లీకేజీ తప్పదు. నాన్నగారు పంచె కడతారా, లుంగీనా, ప్యాంటా? ఏది కడితే అది కట్టించి తీసుకెళ్ళండి, ముడి ఎక్కడ పడుతుందో నర్సుకి కనపడాలి. ఆడవాళ్ళకైతే లంగా నాడా కట్టే చోటు. అన్నిటికంటే ముఖ్యం, ఆ చోటు ఆయన కంటికి కనపడాలి. పొట్ట కిందికి వెళ్ళిపోయిందనుకోండి, ఆయన సంచి జీవితాంతం ఇంకొకరు మార్చాల్సి వస్తుంది.

నా కథలో నేను గొప్పగా చెప్పుకోలేని భాగం ఇక్కడుంది. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక రెండు నెలలు నా సంచి నేను ముట్టుకోలేదు. అంతా మా ఆవిడే. నేను తల పక్కకి తిప్పుకుని, ఫ్యాను రెక్కలు చూస్తూ పడుకునేవాణ్ణి. ఆమె ఒక్క రోజు కూడా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదు. దానికే నాకు ఇంకా సిగ్గేసేది, ఆ సిగ్గు కోపమై ఆమె మీదికే పోయేది. అన్నం చల్లారిందని కూడా అరిచాను. ఆమెకి షుగర్ ఉంది. నా మాత్రలు టైముకి ఇచ్చేది, తనవి మర్చిపోయేది. ఒకరోజు మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. పక్కింటివాళ్ళు తీసుకెళ్ళి చూపిస్తే షుగర్ 340.

తిరిగొచ్చి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. "జనగామలో అక్క దగ్గరికి పోతున్న. నాలుగు రోజులు. నీ సంచి నువ్వు మార్చుకో" అంది. గొడవేమీ లేదు, అంతే.

మర్నాడు పొద్దున్నే, టీ కూడా తాగకుండా, బాత్రూంలో పీట వేసుకుని కూర్చున్నాను. షాపులో ట్రయల్ రూము అద్దం తెచ్చి బకెట్ మీద ఆనించాను. సంచిని చర్మానికి అతికించి ఉంచే పాత ప్లేటు అంచు తడి చేసి మెల్లగా ఊడదీశాను. రెండు నెలల్లో మొదటిసారి స్టోమాని సరిగ్గా చూశాను. ఎర్రగా, తడిగా, పెదవి లోపలి వైపులా ఉంది. వేలితో తాకాను. నొప్పి లేదు. దానికి నొప్పి తెలిసే నరాలు ఉండవని తరువాత నర్సమ్మ చెప్పింది. కొత్త ప్లేటు మీద గుండ్రంగా గీసుకుని కత్తెర పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు కాజాలు కోసినవాణ్ణి, ఒక గుండ్రటి కాజా కోయలేనా అనుకున్నాను. కోశాను. చర్మం సరిగ్గా ఆరకముందే అతికించాను కనుక మధ్యాహ్నానికల్లా లీకైంది. మళ్ళీ మార్చాను. మొదటిసారి యాభై నిమిషాలు పట్టింది, ఇప్పుడు ఎనిమిది నిమిషాలు. నాలుగో రోజు ఆమె వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు తీశాను. ఆమె ఏమీ అనలేదు. చెప్పులు విప్పుతూ, టీ పెట్టమంది.

అందుకని అమ్మా, హాస్పిటల్లో నర్సు నేర్పేటప్పుడు మీరు ముందుకెళ్ళి నేర్చుకోకండి. వెనక నిలబడండి. ఆయన చేత్తో ఆయన రెండుసార్లైనా మార్చాకే డిశ్చార్జి అడగండి. ఒంట్లో శక్తి లేని మొదటి వారం, కీమో పడి నీరసించిన రోజులు వేరు, అప్పుడు మీరు చెయ్యాలి. మిగతా రోజుల్లో ప్రేమతోనే అయినా ఆ పని లాక్కుంటే ఆయన మంచానికే పరిమితం అయిపోతారు.

పద్ధతి చెప్తాను, నర్సు చెప్పింది వేరేగా ఉంటే అదే పాటించండి. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చెయ్యాలి. సగం దాటితే బరువుకి అంచు లేస్తుంది. ప్లేటు మూడు నాలుగు రోజులకోసారి మారిస్తే చాలు. మన మే నెల చెమటకి రెండు రోజులకే వదిలేస్తుంది, అది మీ తప్పు కాదు. పొద్దున ఏమీ తినకముందు మార్చుకుంటే మధ్యలో బయటికి రాదు. గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. డెట్టాల్ వద్దు, కొబ్బరినూనె వద్దు, పౌడరు వద్దు. నూనె రాస్తే ఇక ఏదీ అతుక్కోదు. వెంట్రుకలుంటే కత్తెరతో కత్తిరించాలి. ప్లేటుకి కోసే రంధ్రం స్టోమా కంటే రెండు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా ఉండాలి. మరీ పెద్దదైతే మలం తగిలి చర్మం పుండవుతుంది. మొదటి రెండు నెలల్లో వాపు తగ్గుతూ సైజు మారుతుంది, కాబట్టి వారం వారం కొలవాలి. పాత కొలతతో పది ప్లేట్లు ఒకేసారి కోసిపెట్టుకుని డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. అందులో ఒకణ్ణి నేనే, టైలర్ని అయ్యుండి. అతికించాక అరచేయి వేసి ఒక నిమిషం ఒత్తి ఉంచండి, ఒంటి వెచ్చదనానికి బాగా పట్టుకుంటుంది. తుడిచేటప్పుడు ఒకటి రెండు రక్తపు చుక్కలు కనిపిస్తే భయం లేదు. స్టోమా నల్లగానో ఊదారంగుగానో మారితే మాత్రం ఫోన్లు చేస్తూ కూర్చోకుండా హాస్పిటల్‌కి పరుగెత్తండి. కడుపునొప్పి, వాంతులు ఉండి సంచిలోకి ఏమీ రాకపోయినా అంతే.

నాన్నగారిది పెద్దపేగు చివరి భాగం నుంచి తీసే సంచి, అందులో మలం మామూలుగా గట్టిగానే వస్తుంది. కొందరికి చిన్నపేగు నుంచి తాత్కాలికంగా తీస్తారు, అందులో నీళ్ళలా వస్తుంది. వాళ్ళ జాగ్రత్తలు వేరు. ఒంట్లో నీరు, ఉప్పు త్వరగా పోతాయి, ఓఆర్ఎస్ ఇంట్లో ఉండాల్సిందే. వార్డులో పక్క మంచం వాళ్ళు చెప్పే సలహాలు వినేటప్పుడు వాళ్ళది ఏ రకమో ముందు అడగండి. సగం గందరగోళం అక్కడే వస్తుంది.

ఇంకో సంగతి ముందే చెప్పి ఉంచుతాను, నాకెవరూ చెప్పలేదు. ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకి ఆయన హఠాత్తుగా "వస్తోంది, బాత్రూంకి వెళ్ళాలి" అంటారు. మలద్వారమే లేదు, ఏమొస్తుంది అని మీరు బిక్కచచ్చిపోతారు. మతి చలించిందేమో అనుకుంటారు. ఏమీ కాదు. తీసేసిన భాగం ఇంకా ఉన్నట్టే మెదడుకి అనిపిస్తుంది, కాలు తీసేసినవాళ్ళకి కాలు దురద పెట్టినట్టు. కాసేపు కమోడ్ మీద కూర్చుని లేస్తే తగ్గుతుంది, నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది. వెనక కుట్లు మానడానికి కూడా టైము పడుతుంది. కూర్చోవడానికి మెత్తటి దిండు వెయ్యండి. మధ్యలో రంధ్రం ఉండే ట్యూబు దిండు తెస్తారు చాలామంది, అది కుట్లని విడదీసేలా లాగుతుంది, వద్దు.

బరువులు. రైతు మనిషి, ఊరుకోరు. మీ ఇంట్లో 20 లీటర్ల నీళ్ళ క్యాను వస్తుంది కదా, దాని దగ్గరికి ఆయన్ని పోనివ్వకండి. పొట్ట కండరం బలహీనపడిన చోట బరువెత్తితే సంచి పక్కన పేగు ఉబికి హెర్నియా వస్తుంది. దగ్గు వస్తే అరచేత్తో అక్కడ అదిమి పట్టుకోమనండి. నడక మాత్రం రోజూ ఉండాలి.

తిండి విషయానికొస్తే, మనవాళ్ళకి జబ్బు అనగానే పథ్యం. బీరకాయ, పెసరపప్పు, చారు, అంతే. మా అత్తగారు నాకు రెండు నెలలు ఉప్పూకారం తగలనివ్వలేదు, పది కిలోలు తగ్గాను. అది జబ్బు వల్ల కాదు, బీరకాయ వల్ల. ఆపరేషన్ అయిన మొదటి నాలుగైదు వారాలు పీచు తక్కువగా, మెత్తగా తినాలి. మెత్తటి అన్నం, ఇడ్లీ, పెరుగు, గుడ్డు, అరటిపండు. తరువాత రెండు మూడు రోజులకి ఒక కొత్త పదార్థం చొప్పున కలుపుకుంటూ పోవాలి. ఏది పడిందో ఏది పడలేదో అప్పుడే తెలుస్తుంది. సెనగపప్పు, క్యాబేజీ, కూల్‌డ్రింకులు గ్యాస్ పెంచుతాయి. చేపలు, గుడ్లు, వెల్లుల్లి వాసన పెంచుతాయి, మజ్జిగ తగ్గిస్తుంది. అంటే మానెయ్యమని కాదు, పెళ్ళికి వెళ్ళే ముందు రోజు కాకుండా ఇంకోరోజు తినమని. మాంసకృత్తులు తగ్గకూడదు. గుడ్డు, చికెన్, పప్పు, పాలు, ఏది పడితే అది పెట్టండి. ఇక ఆకు పసర్లు, పొడులు. మీ ఇంటికి ఈపాటికే ఎవరో ఒకరు ఏదో పొట్లం తెచ్చి ఉంటారు. కీమో నడుస్తుండగా అవి కడుపులో పడితే లివర్ మీద ఏ మందు ఏం చేసిందో డాక్టర్‌కి కూడా తెలియకుండా పోతుంది. తెచ్చినవాళ్ళకి దండం పెట్టి తీసుకోండి, అటక మీద పెట్టండి.

ఆపరేషన్ తరువాత కీమో ఉంటుందనే అనుకుంటున్నాను. నాకు ఇచ్చినట్టే అయితే, మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ డ్రిప్, 14 రోజులు పొద్దునా రాత్రీ కేపెసిటబిన్ మాత్రలు, ఏడు రోజులు విరామం. మాత్రలు తిన్న అరగంట లోపే వేసుకోవాలి, ఖాళీ కడుపుతో కాదు. డ్రిప్ ఎక్కించాక వారం రోజులు చల్లదనం శత్రువు. నాకు మొదటి డ్రిప్ ఏప్రిల్‌లో పడింది. ఇంటికొచ్చి అలవాటుగా కుండలో నీళ్ళు ముంచుకుని తాగాను. గొంతు పట్టేసింది, ఊపిరి ఆడటం లేదనిపించి పెద్ద టెన్షన్ పడ్డాం. గోరువెచ్చటి నీళ్ళు చప్పరించాక కాసేపటికి విడిచింది. ఫ్రిజ్ తలుపు తీస్తే వేళ్ళకి కరెంటు కొట్టినట్టు ఉంటుంది. పొద్దున్నే మార్బుల్ మీద కాలు పెట్టినా అంతే. ఇంట్లో సాక్సులు, ఫ్రిజ్ పని మీది.

ఆ డ్రిప్ వల్లే చేతులకి, కాళ్ళకి తిమ్మిర్లు కూడా వస్తాయి, వాటి విషయంలో నేను చేసిన తప్పు ఆయన చెయ్యకూడదు. మూడు వారాల ఒక విడతని సైకిల్ అంటారు, నాలుగో సైకిల్‌కల్లా సూదిలో దారం ఎక్కించలేకపోయాను. వేలికి సూది గుచ్చుకున్నా తెలిసేది కాదు, తెల్ల గుడ్డ మీద ఎర్ర చుక్క కనిపిస్తే తెలిసేది. డాక్టర్‌కి చెప్తే కీమో ఆపేస్తారేమో, జబ్బు మళ్ళీ వస్తుందేమో అని దాచాను. ఆరో సైకిల్‌లో చొక్కా గుండీ పెట్టుకోలేక దొరికిపోయాను. డాక్టర్ గారు కోప్పడ్డారు, ముందే చెప్పుంటే డోసు తగ్గించేవాణ్ణి కదా అని. ఎడమచేతి చిటికెన వేలు ఇప్పటికీ మొద్దుగానే ఉంది. రైతుకి కూడా చేతులే కదా ఆధారం. ప్రతి సైకిల్ ముందు గుండీ పెట్టుకోమని చూడండి.

జ్వరం 100.4 దాటితే అది కీమోలో మామూలు జ్వరం కాదు. తెల్లకణాలు పడిపోయి ఉండొచ్చు. పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాం అనుకోకండి, రాత్రి రెండైనా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. మామూలుగా వచ్చే దానికంటే నాలుగుసార్లు ఎక్కువ విరేచనం అయినా, నోరు పూసి తిండి పోకపోయినా, అరచేతులు అరికాళ్ళు ఎర్రబడి పొక్కులు లేచినా మాత్రలు ఆపి డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి. ఒక్క పూట మాత్ర తప్పితే ఏమీ కాదు, విరేచనాలు అవుతుండగా వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

డబ్బు. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ వాడుకోండి, మొహమాటం వద్దు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు చేశారు. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. సర్కారు క్యాన్సర్ హాస్పిటలే. మీరు ఉద్యోగం చేస్తూ పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతుంటే, నాన్నగారు మీ మీద ఆధారపడి ఉన్నట్టయితే ఆయన చికిత్స ఖర్చుకి కొంత మినహాయింపు వస్తుంది, స్పెషలిస్టు డాక్టర్ రాసిచ్చిన ప్రిస్క్రిప్షన్ కావాలి. రైల్లో చికిత్సకి వెళ్ళేవాళ్ళకి టికెట్ రాయితీ ఉంది. సంచుల ఖర్చు మాత్రం నెల నెలా మీదే. నాకు రెండు వేల పైచిలుకు అవుతుంది. మొదట్లోనే డజన్లు కొనకండి. ప్లేటు, సంచి కలిసే ఉండే ఒక పీసు రకం, విడివిడిగా ఉండే రెండు పీసుల రకం, రెండూ నాలుగేసి తెచ్చి, ఆయన చర్మానికి ఏది పడుతుందో చూశాక కొనండి. ఆరు నెలలు పోయాక డాక్టర్ సరే అంటే ఇరిగేషన్ అని ఒకటి నేర్పిస్తారు. గోరువెచ్చటి నీళ్ళు స్టోమాలోంచి ఎక్కించి పేగు ఒకేసారి ఖాళీ చేసుకోవడం. గంట పని, కానీ ఆ తరువాత ఒక రోజంతా దాదాపు నిశ్చింత. పెద్దపేగు చివరి సంచి ఉన్నవాళ్ళకే అది కుదురుతుంది. నేను రోజు విడిచి రోజు చేసుకుంటాను, కస్టమర్లలో సగం మందికి నాకు సంచి ఉందనే తెలియదు.

ఆయన మొదటి భయం బహుశా నలుగురిలోకి వెళ్ళడం. ఊళ్ళో గుడి, బంతి భోజనాలు. మా బస్తీలో ఒకాయన నన్ను బోనాల నాడు కాస్త పక్కగా నిలబడమన్నాడు, మైల అని. "అన్నా, నీ కడుపులో ఉన్నదే నాకు సంచిలో ఉంది, నాది మూత వేసి ఉంది" అన్నాను. పూజారి గారే నవ్వి లోపలికి రమ్మన్నారు. సరిగ్గా అతికించిన సంచికి వాసన రాదు. బయటికెళ్ళేటప్పుడు ఒక చిన్న సంచిలో కోసిపెట్టిన ప్లేటు, సంచి, గుడ్డ, నీళ్ళ సీసా, ఒక లుంగీ పెట్టుకుంటే ధైర్యం. ఎనిమిదేళ్ళలో దాన్ని బయట విప్పాల్సి వచ్చింది మూడుసార్లే, ఒకసారి ఉప్పల్ బస్సులో. చచ్చిపోలేదు. పరామర్శకి వచ్చేవాళ్ళని మాత్రం మీరు అదుపులో పెట్టాలి. వారానికోసారి వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ అందరికీ పంపండి, ఆయన గొంతుతోనే. ఫోన్లు సగానికి తగ్గుతాయి.

"పోవడమే నయం" అన్న మాటని తేలిగ్గా తీసుకోకండి. సంచి గురించి భయంతో అంటున్నారా, నిజంగానే ఆశ వదిలేశారా చూడండి. తిండి, నిద్ర, మాట మూడూ రెండు వారాలుగా తగ్గి ఉంటే డాక్టర్‌కి చెప్పండి, పెద్ద క్యాన్సర్ హాస్పిటళ్ళలో మనసు డాక్టర్లు కూడా ఉంటారు. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చాలామందికి సంచితో ఉన్న మనిషిని ఒక్కసారి కళ్ళారా చూస్తే సగం భయం పోతుంది. ఆపరేషన్‌కి ముందే మీ వార్డు నర్సుని అడిగి అట్లాంటి ఒకరిని కలిపించండి.

అమ్మగారి గురించి మీరు ఒక్క వాక్యం రాశారు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆమెకి మాత్రలేమైనా ఉంటే టైముకి వేసుకుంటున్నారా? రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు? వారానికి ఒక పూట ఆమెని బయటికి పంపండి, చెల్లెలింటికో, గుడికో, ఊరికే మెట్రోలో ఎల్బీనగర్ దాకానో. ఆ పూట నాన్నగారి దగ్గర ఎవరుంటారో కేలెండర్ మీద రాసిపెట్టండి. రాయకపోతే ఆమె వెళ్ళదు. ఇంకో సంగతి కూతురిగా మీరు అడగలేరు, నేను చెప్పడమూ ఇబ్బందే. ఈ ఆపరేషన్, రేడియేషన్ రెండింటి వల్లా ఆ చుట్టూ ఉన్న నరాలు దెబ్బతినొచ్చు. మూత్రం, దాంపత్యం, రెండిట్లోనూ తేడాలు రావచ్చు. మందులున్నాయి. ఒక విజిట్‌లో "సార్, నాన్న మీతో ఒంటరిగా మాట్లాడతారట" అని చెప్పి, మీరు లేచి బయట కూర్చోండి. అంతే మీ పని.

ఇక మీ సంగతి. నాకు రక్తం పడుతుంటే మొలలే అని మా దగ్గరి ఒక క్లినిక్‌లో ఎనిమిది నెలలు మందులిచ్చారు. వేలు పెట్టి కూడా చూడలేదు. నలభై దాటినవాళ్ళకి మలంలో రక్తం, విరేచనం పోకడలో మార్పు, కారణం లేకుండా రక్తహీనత, వీటిలో ఏది ఉన్నా కొలోనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, అడగాలి. మీకు, మీ అన్నదమ్ములకి ఏ లక్షణం లేకపోయినా 40 ఏళ్ళకి కొలోనోస్కోపీ మొదలుపెట్టాలి. తండ్రికి జబ్బు బయటపడిన వయసుకి పదేళ్ళు ముందు కానీ, 40 కానీ, ఏది ముందైతే అది. మీ బాబాయిలకి, అత్తలకి కూడా చెప్పండి. నాన్నగారి బయాప్సీ మీద ఎంఎంఆర్ పరీక్ష చేశారా అని అడగండి. అది వంశంలో వచ్చే రకమేమో తేల్చడానికి పనికొస్తుంది, కొందరికి మందు ఎంపిక కూడా దాన్ని బట్టే మారుతుంది.

చికిత్స అయ్యాక ఐదేళ్ళు చెకప్‌లుంటాయి. మొదటి రెండేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి, జబ్బు తిరిగొస్తోందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష, డాక్టర్ చెప్పినప్పుడల్లా సీటీ స్కాన్, ఆపరేషన్ అయిన ఏడాదికి ఒక కొలోనోస్కోపీ, ఆ తరువాత డాక్టర్ చెప్పినప్పుడు, అది స్టోమాలోంచే చేస్తారు. రిపోర్టు వచ్చే ముందు వారం ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడరు. మా ఇంట్లో దానికి స్కాన్ వారం అని పేరు పెట్టుకున్నాం, ఆ వారం జరిగిన గొడవలు లెక్కలోకి రావు. నా ఐదేళ్ళు 2022లో పూర్తయ్యాయి.

ఆపరేషన్ అయి రెండు నెలలు గడిచాక నాన్నగారి నడుము కొలత, స్టోమా బొడ్డుకి ఎంత దూరంలో ఉందో ఇక్కడే రాయండి. ప్యాంటు నడుము పట్టీ ఎంత పైకి జరపాలో, లోపల సంచికి జేబు ఎట్లా కుట్టించాలో మీ దగ్గరి టైలర్‌కి అర్థమయ్యేలా చెప్తాను. కొలత ఆయన్ని కూర్చోబెట్టి తియ్యండి, నిలబెట్టి కాదు.